నీటిలో దాగిన బంగారము

స్వర్ణకార వృత్తియందు పుట్టి పెరిగినవారికి బంగారపు పొడి విలువను వేరొకరు చెప్పనక్కరలేదు. ఆకురాతి క్రింద రాలిన రవ్వను, చాపమీది దుమ్మును, కుంపటిలోని బూడిదను ఊడ్చి దాచి, జలగడుగువారిచే కడిగించి, చిక్కిన లోహమును మూసలో కరగించుట మన పెద్దల యాచారము. ఇట్లు కంటికి కనబడు రవ్వను విడువని మనలో పెక్కురు, కంటికి కనబడని బంగారమును మాత్రము కాలువలో పారబోయుచున్నారు. ములాము తొట్టినుండి తీసిన నగలను కడిగిన నీటిలోను, మేలిమి చేయగా మిగిలిన యామ్లములోను లోహము కరగియుండును. అట్టి నీటినుండి దానిని మరల పట్టు విద్య యెట్లు పుట్టి పెరిగినదో సోదర మహాశయులకు సంగ్రహముగా విన్నవింతును.

నిప్పులో కరగిన బంగారము చల్లారిన వెంటనే మన కంటబడును. ద్రవరాజములో, అనగా ఉదజహరికామ్లము మూడుపాళ్లు, నత్రికామ్లము ఒకపాలు కలిపిన ద్రవములో కరగిన బంగారమో, తన మెరుపును విడిచి పసుపువన్నె నీరై నిలుచును. రూపము మాఱినను లోహము నశింపదనుటకు 1940వ సంవత్సరమున కోపెన్‌హాగను నగరమున జరిగిన యుదంతమే సాక్ష్యము. జర్మను సేనలు ఆ నగరమున ప్రవేశించునప్పటికి, లావే, ఫ్రాంకు అను ఇరువురు జర్మను శాస్త్రజ్ఞుల నోబెల్ పతకములు నీల్స్ బోరుగారి పరిశోధనాలయమున దాచబడియుండెను. బంగారమును దేశము దాటించుట అప్పటి జర్మనీలో ఘోరాపరాధము. పతకములపై వారి పేర్లు చెక్కబడియున్నవి. అప్పుడు హెవెసీ అను రసాయనవేత్త వానిని ద్రవరాజమున కరగించి, సీసాలో పోసి, బీరువాలో నుంచెను. సైనికులు వెదకిరి గాని ఆ సీసాను గుర్తింపలేకపోయిరి. యుద్ధానంతరము ఆ ద్రవమునుండి బంగారము తీయబడెను. దానితోనే క్రొత్త పతకములు ముద్రింపబడెను.

కరగిన బంగారమును తీయుటకు మొదట తెలిసిన మార్గము అవక్షేపణము. ద్రవరాజపు ద్రావణమున నత్రికామ్లపు పసను పోగొట్టి అన్నభేది కలిపినచో, బంగారము కపిలవర్ణపు పొడిగా అడుగున దిగును. గనులయందు ఈ పద్ధతి మఱియొక రూపము దాల్చెను. 1887లో గ్లాస్గో నగరమున మెకార్థరు, ఫారెస్టు సోదరులిద్దఱు కలిసి, పలుచని సయనైడు నీటిలో ఖనిజమందలి బంగారమును కరగించి, తుత్తునాగముతో దించు ఉపాయమును కనిపెట్టిరి. అది 1890లో దక్షిణాఫ్రికా గనులకును, పిమ్మట మన చిత్తూరు సీమ ప్రక్కనున్న కోలారు గనులకును ప్రాకెను. తెలుగువారెందఱో పాటుపడిన ఆ కోలారు గనులు 2001లో మూతబడినవి. సయనైడు దిబ్బలు మాత్రము గుట్టలవలె నిలిచియున్నవి.

అయితే తుత్తునాగమునకు వడగట్టి తేర్చిన నీరు కావలెను. బంగారము మిక్కిలి పలుచగా నున్నచో, అన్నభేదియైనను తుత్తునాగమైనను వ్యయమునకు తగిన ఫలమీయవు. ఈ పలుచదనమే సుప్రసిద్ధుడగు హేబరు పండితునికిని అడ్డు తగిలెను. మొదటి మహాయుద్ధానంతరము జర్మనీ ఋణమును సముద్రజలమందలి బంగారముతో తీర్పవచ్చునని ఆయన తలచెను. కాని టన్ను నీటిలో 0.004 మిల్లీగ్రాము మాత్రమే కలదని 1927లో ప్రకటించి ఆ యాశను విడిచెను. కావున పలుచని నీటినుండి కోరిన లోహమును ఏరి పట్టుకొను వస్తువు కావలసివచ్చెను.

ఆ వస్తువునకు మూలము గనిలో కాదు, పొలములో దొరకెను. 1850లో ఇంగ్లండున థాంప్సను అను భూస్వామి, వే అను రసాయనవేత్త, ఎరువునీటిని మట్టిగుండ పోసి పరీక్షించిరి. మట్టి అమ్మోనియాను తనయందుంచుకొని, దానికి మాఱుగా సున్నపు లవణమును విడిచెను. 1905లో గాన్సు అను జర్మను పండితుడు ఇట్టి గుణముగల కృత్రిమ ఖనిజముతో నీటి కాఠిన్యమును పోగొట్టెను. 1935లో ఇంగ్లండున ఆడమ్సు, హోమ్సు అనువారు కృత్రిమమైన రెజిను, అనగా బంకవంటి పదార్థమునుండి చేసిన గట్టి వస్తువు, ఆ పనియే చేయునని చూపిరి. 1944లో అమెరికాలో డలేలియోకు లభించిన పేటెంటుతో, నేటి రెజిను పూసలకు మార్గమేర్పడెను.

దీని కీలకము షరాబు అంగడివంటిది. షరాబు ఒక నాణెమును పుచ్చుకొని మఱియొక నాణెమును చేతిలో పెట్టును. ఉప్పు నీట కలిసినపుడు ధనవిద్యుత్తుగల కణము, ఋణవిద్యుత్తుగల కణము అని రెండుగా విడివడును. వీనికి అయానులని పేరు. సయనైడు నీటిలో ఒక బంగారపు పరమాణువు రెండు సయనైడులతో కూడి ఋణ అయానుగా తిరుగును. రెజిను పూసయందు ధనవిద్యుత్తుగల స్థానములు స్థిరముగా నుండి, ఒక్కొక్కటి క్లోరైడువంటి అయాను నొకదానిని పట్టుకొనియుండును. బంగారపు అయాను రాగానే పూస క్లోరైడును విడిచి దానిని గ్రహించును. ఇదియే అయాను వినిమయము. సామాన్యమైన అయానులకంటె బంగారపు అయానునందు దీనికి మక్కువ యెక్కువ. ఆమ్లద్రావణములందు క్లోరైడులతో కూడిన బంగారము, ప్లాటినము, పల్లేడియము సయితము ఇట్లే పట్టుబడును. ఛాయాచిత్రముల హైపోనీటిలోని వెండియు నంతే.

ఈ విద్యను గనిలో పెద్దయెత్తున వాడిన ఘనత ఉజ్బెకిస్తాను ఎడారియందలి మురున్‌తౌ గనిది. అచటి కర్మాగారము 1969లో పని ప్రారంభించెను. ఖనిజపు బురదను వడగట్టకయే అందు పూసలను కలిపి, బంగారము పట్టిన పూసలను జల్లెడతో వేరుచేసి, ఆమ్లము చేర్చిన థయోయూరియాతో బంగారమును విడిపించి, విద్యుత్తుతో లోహమును దించిరి. ఇతర దేశములందు బొగ్గు పద్ధతియే యెక్కువ ప్రచారమందినది. బొగ్గు చౌక, రెజినునకు వెల యెక్కువ, రాగి తుత్తునాగములను కూడ పట్టు స్వభావమును కలదు. అయినను రెజినును బొగ్గువలె కొలిమిలో కాల్చి తిరిగి పదును పెట్టనక్కరలేదు.

మనకేమి లాభమందురా? కడిగిన నీటిలో లీటరునకు 5 మిల్లీగ్రాముల బంగారమున్నదనుకొందము. వేయి లీటర్లలో 5 గ్రాములు! ఆ నీటిని పూసల గొట్టముగుండ పోనిచ్చి, పూసలు నిండిన పిమ్మట కాల్చి, బూడిదను మూసలో కరగించినచో బంగారము చిక్కును. పాత జరీని కాల్చి లోహము తీయుట యెఱిగిన మనకిది వింత పని కాదు.

కాని హెచ్చరిక యొకటి. సయనైడు నీటిలో ఆమ్లము పడినచో ప్రాణాంతకమగు వాయువు పుట్టును. నత్రికామ్లపు ఎఱ్ఱపొగ ఊపిరితిత్తులను చెఱచును. సయనైడు పట్టిన పూసలను కాల్చునపుడు వచ్చు పొగయు విషమే. బంగారము తీసినంతమాత్రమున నీరు నిర్దోషము కాదు. మిగిలిన విషమును నశింపజేయక కాలువలో విడువరాదు. ఆలుబిడ్డలు మసలు ఇంటి వసారాలో చేయదగిన పని కాదిది.

కాబట్టి ఊరూర నలుగురు పనివారు కలిసి, తగిన పొగగొట్టముతో, రసాయనశాస్త్ర మెఱిగిన యువకుని పర్యవేక్షణలో ఉమ్మడి శాల నేర్పఱచుకొనుట మేలు. ఎవరి నీరెంత, అందు బంగారమెంత యని పరీక్షించి లెక్క వ్రాసినచో తగవులుండవు. పోషకులగు శ్రీమంతులు మన బాలురకు రసాయనవిద్య చెప్పించుటకు తోడ్పడినచో, ఆ ధనము ఈ శాలలయందే ఫలించును. దుమ్ములోని రవ్వను విడువని మన పెద్దల జాగరూకత నీటిలోని రవ్వకును చెల్లుగాక!