గిటార్ మెట్లెక్కిన సకురా

జపాన్ సంప్రదాయ గీతం ఒకటి గిటార్ మీద వాయించమంటే చాలామంది వేళ్లు ‘సకురా సకురా’ మీదికే పోతాయి. చెర్రీ పూల పాట. వింటే వెయ్యేళ్ల నాటిదేమో అనిపిస్తుంది కానీ, దానికి అంత వయసు లేదు. జపాన్ చరిత్రలోని ఎడో యుగంలో కోటో అనే తీగ వాద్యం కొత్తగా పట్టినవాళ్లకు నేర్పే పాటగా ఉండేది. మన పిల్లలకు పిళ్లారి గీతాలెలాగో అలాగ. కట్టిందెవరో తెలియదు.

ఆ పాట ఊరూవాడా పాకింది మాత్రం ఆ తర్వాతి మెయిజీ కాలపు బడి చలవతోనే. పాశ్చాత్య సంగీతాన్నీ స్వదేశీ బాణీనీ కలిపి పిల్లలకు నేర్పాలని జపాన్ ప్రభుత్వం 1879లో ఒక సంగీత విభాగం పెట్టింది. దాని పెద్ద ఇజావా షూజీ మరుసటి ఏడు బోస్టన్ నుంచి లూథర్ వైటింగ్ మేసన్ అనే సంగీతం మాస్టారిని రప్పించాడు. ఆ విభాగమే పెరిగి టోక్యో సంగీత పాఠశాల అయింది. 1888లో అది అచ్చేసిన కోటో పాటల పుస్తకంలో సకురా పాశ్చాత్య స్వరలిపిలో కనిపిస్తుంది. అసలు మలుపు అదేనని నా లెక్క. గురుముఖతః నేర్చుకునే పాట, ఆ లిపి చదవగలిగిన ఎవరి చేతికైనా అందే సరుకైంది. 1904లో ఇటలీ స్వరకర్త పుచీని ఈ వరసను తన ‘మదామా బటర్‌ఫ్లై’ ఒపేరాలో వాడుకున్నాడు కూడా.

ఇక గిటార్‌తో దీనికి పొత్తెలా కుదిరిందో చూడండి. కోటోకి పదమూడు తీగలు, ఒక్కో తీగ కింద జరుపుకునే గుర్రం. పాటకు తగ్గట్టు ముందే శ్రుతి చేసి పెట్టుకుంటారు. గిటార్‌కి ఉన్నవి ఆరే తీగలు. అయితే సకురాలో స్వరాలు అయిదే: ఇ, ఎఫ్, ఎ, బి, సి. ‘ఇ’ని షడ్జమం అనుకుంటే స, శుద్ధ రిషభం, శుద్ధ మధ్యమం, పంచమం, శుద్ధ ధైవతం. మన కర్ణాటక శుద్ధ సావేరి స్వరాలు! (గమకాలు వెతక్కండి, ఆ నడకే వేరు.) గిటార్ మీద ఇ, ఎ, బి మూడూ ఖాళీ తీగల మీదే పలుకుతాయి. ఎఫ్, సి రెండూ మొదటి మెట్టు మీదే దొరుకుతాయి. పాట చివరికి వచ్చి ఆగేది ‘ఇ’ మీద, గిటార్‌లో అన్నిటికన్నా లావుపాటి తీగ శ్రుతీ అదే. ఎడమచేతికి పెద్ద పని లేకుండానే మంద్రం నిండుగా మోగుతూ ఉంటుంది.

1929లో స్పెయిన్ విద్వాంసుడు సెగోవియా జపాన్ వచ్చి కచేరీలు చేశాక అక్కడ గిటార్ మోజు ముదిరింది. తరువాతి తరాల్లో సకురా మీద సోలో గిటార్‌కి వేరియేషన్లు రాసిన యుకిజిరో యోకో పేరు గిటార్ వాయించేవాళ్లకు పరిచయం. గిటార్ విద్వాంసుడు జాన్ విలియమ్స్ ఆ కృతిని సెవిల్ నగరంలోని అల్కజార్ రాజప్రాసాదంలో వాయించాడు. కుడిచేతిని బ్రిడ్జి దగ్గరికి జరిపి మీటితే గిటార్ నాదం పదునెక్కి, కోటోని వేళ్లకు తొడిగిన గోళ్లతో మీటినట్టే ఉంటుంది.

గిటార్ మీద వినిపించే మరో జపాన్ పాట ‘కోజో నో త్సుకి’ది ఇంకో వింత. పాడుబడ్డ కోట మీది వెన్నెల పాట ఇది. 1901లో తాకి రెంతారో బడి పాటల పుస్తకానికి వరస కట్టాడు. రెండేళ్లకే, ఇరవై మూడో ఏట పోయాడు. కర్త పేరు ఇంత స్పష్టంగా ఉన్నా, 1967లో థెలోనియస్ మంక్ జాజ్ రికార్డు మీద అది ‘జపాన్ జానపద గీతం’ అని పడింది. తాకి మొదటి పాదం చివర ఒకచోట శుద్ధ మధ్యమం బదులు ప్రతి మధ్యమం వేశాడు. తర్వాత పియానో సహకారం కూర్చిన యమదా కోసాకు ఆ స్వరాన్ని పెంచే షార్ప్ గుర్తు తీసేశాడు. జనం నోట నలిగింది ఎక్కువగా యమదా వరసే. నాకైతే తాకి రాసిందే రుచి. గిటార్ ప్రతి చేతికొస్తే మొదటి పాదం చివర షార్ప్ గుర్తు ఉందో లేదో చూడండి, అది ఎవరి వరసో తేలిపోతుంది.