హైదరాబాదు పేరు మోసిన విమానాలు

మొదటి ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటిష్ సామ్రాజ్యమంతటా కానుక విమానం అనే ఆచారం ఉండేది. అంటే ఒక సంస్థానాధీశుడో, నగరమో, సంఘమో విమానం ఖర్చు భరిస్తే, ఆ దాత పేరును దాని ఒంటిమీద రంగుతో రాసి యుద్ధరంగానికి పంపేవారు. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఒకటి రెండు విమానాలతో ఆగక ఒక స్క్వాడ్రన్‌కు, అనగా ఒకే అధికారి నాయకత్వంలో ఎగిరే దళానికి, విమానాలు సమకూర్చినందున, 1917 నవంబరులో ఇంగ్లండులో ఏర్పడిన 110వ స్క్వాడ్రన్‌కు హైదరాబాదు పేరే స్థిరపడింది.

1918 సెప్టెంబరులో ఈ దళం ఫ్రాన్సులోని బెత్తోన్‌కూర్ చేరి, ట్రెంచార్డ్ నాయకత్వంలోని ఇండిపెండెంట్ ఫోర్స్‌లో కలిసింది. భూసైన్యపు అవసరాలతో నిమిత్తం లేకుండా, జర్మనీ లోపలి కర్మాగారాలపై, రైల్వే కూడళ్లపై బాంబులు వేయడానికి ఏర్పాటైన బలగమిది. దళం నడిపిన డీహెచ్ 9ఏ విమానంలో ముందు పైలట్, వెనుక తుపాకి పట్టిన పరిశీలకుడు, ఇద్దరూ పైకప్పు లేని గుంటల్లో కూర్చుని, వేల అడుగుల ఎత్తున ఎముకలు కొరికే చలిలో గంటల తరబడి ప్రయాణించేవారు; విమానం అంటుకుంటే దూకేందుకు వారికి పారాచూట్ కూడా ఇవ్వలేదు. అక్టోబరు 21న కొలోన్ దిశగా వెళ్లిన దాడిలో ఒక్కరోజే ఏడు విమానాలు తిరిగి రాలేదు. రెండు నెలలైనా నిండని యుద్ధకాలంలో దళం పోరాటంలో 17, ప్రమాదాలలో 28 విమానాలను పోగొట్టుకుంది. యుద్ధస్మృతి సాధారణంగా మొదటి అంకెనే చెప్పుకుంటుంది గాని, ఎగరడమే వృత్తిగా బతికినవారికి రెండవ అంకె బరువు ఎంతమాత్రం తక్కువ కాదు.

ఆ యుద్ధంలో పశ్చిమరంగాన గల్లంతై, సమాధి ఎక్కడో తెలియని వెయ్యిమందికి దగ్గరగా వైమానికుల పేర్లను ఫ్రాన్సులోని అరాస్‌లో రాతిపై చెక్కారు. వాస్తుశిల్పి ల్యూటెన్స్ రూపొందించిన ఆ స్తంభంపై రాతి భూగోళం ఒకటుంది. 1918 నవంబరు 11 ఉదయం, తుపాకులు ఆగిననాడు, భూమి ఏ స్థితిలో ఉందో ఆ వాలులోనే దానిని నిలిపారు. 1932లో ఆ స్మారకాన్ని ఆవిష్కరించినది ట్రెంచార్డే, అంటే తాను దాడులకు పంపగా తిరిగిరాని యువకుల పేర్ల ఎదుట ఆ సేనాని స్వయంగా నిలబడవలసి వచ్చింది.

రాతిపై ఎగిరినవారి పేర్లు, విమానంపై ఇచ్చినవాని పేరు మిగిలాయి. ధనం ఎవరి చెమట నుంచి వచ్చిందో వారి పేరు మాత్రం ఎక్కడా లేదు. నిజాం సొంత ఖర్చులకు ప్రత్యేకించిన సర్ఫ్-ఎ-ఖాస్ భూములైనా, ప్రభుత్వ ఖజానాకు చెందిన దివానీ భూములైనా, సంస్థాన సంపదకు మూలం సాగుభూమే కనుక, విమానమంటే ఏమిటో చూడని తెలంగాణ, మరాఠ్వాడా రైతుల శిస్తును కూడా ఈ చరిత్రలో చేర్చి చెప్పడమే న్యాయం.

ఆ కానుక విమానాలలో ఎఫ్1010 అనే సంఖ్య గలది చిత్రంగా బతికి బయటపడింది. 1918 అక్టోబరు 5న కైజర్స్‌లాటర్న్ దాడికి వెళ్లిన ఆ విమానం శత్రుభూమిలో దిగగా, అందులోని ఇంగ్లిస్, బాడ్లీ బందీలయ్యారు. విమానం బెర్లిన్ ప్రదర్శనశాలకు చేరి, రెండవ ప్రపంచ యుద్ధంలో పోలండుకు తరలి, చివరకు 1977లో ఒక స్పిట్‌ఫైర్‌కు మారుగా లండన్‌లోని రాయల్ ఎయిర్‌ఫోర్స్ మ్యూజియానికి వచ్చింది.

హైదరాబాదు డబ్బుతో ఇతరులు ఎగిరిన కాలం ముగిసిన ఐదేళ్లకు, 1923లో, అదే నగరంలో ఇద్రిస్ హసన్ లతీఫ్ జన్మించాడు. 1942లో వైమానిక దళంలో చేరి, బర్మా యుద్ధరంగాన పోరాడి, దేశవిభజనలో సహచరులు కొందరు పాకిస్తాన్‌కు వెళ్లినా భారత్‌నే ఎంచుకున్న ఆయన, విశ్రాంత జీవితాన్ని హైదరాబాదులోనే గడిపి 2018లో కన్నుమూశాడు. 110వ స్క్వాడ్రన్ ఫ్రాన్సు చేరిన అరవై ఏళ్లకు, 1978లో, ఆయన భారత వైమానిక దళాధిపతి పదవి చేపట్టాడు. రెక్కలు పోయి మొండెంగా మిగిలిన ఎఫ్1010 అప్పటికి లండన్ చేరి ఏడాది దాటింది. దానికి కొత్త రెక్కలు అప్పటికింకా అమరలేదు.