బాతెల్: చూడదగ్గ స్థలాలు, వాటి చరిత్ర

బాతెల్ అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో సమామిష్ నది ఒడ్డున ఉన్న పట్టణం. సియాటిల్‌కు ఈశాన్యంగా సుమారు 20 కిలోమీటర్ల దూరంలో, కింగ్, స్నోహోమిష్ కౌంటీలు రెండింటిలోనూ విస్తరించి ఉంది. 2020 లెక్కల ప్రకారం జనాభా 48,161. కలప, పడవలు, రైలు, పశువుల పెంపకం ఒకప్పుడు ఈ ఊరికి అన్నం పెట్టాయి. ఆ వృత్తులు వెళ్లిపోయినా వాటి చోట్లను ఊరు పాడుపెట్టలేదు, కొత్త పనికి తెచ్చుకుంది. బాతెల్‌లో చూడదగ్గవి చాలావరకు అలా నిలిచినవే. యాత్రికుల పట్టికల్లో ఈ పేరు అరుదుగా కనిపించినా, ఒక రోజు కేటాయించదగ్గ ఊరు ఇది.

తొలి చరిత్ర

ఈ నదీతీరం తరతరాలుగా సమామిష్ ఆదివాసులది. 1855లో కుదిరిన పాయింట్ ఇలియట్ ఒప్పందం తర్వాత వాళ్లు తమ నేలకు దూరమయ్యారు. 1870లో తెల్లజాతి వలసదారులు ఇక్కడ భూములు నమోదు చేయించుకోసాగారు. 1876లో జార్జ్ బ్రాకెట్ అడవి నరికించడం మొదలుపెట్టాడు. దుంగలు నది మీదుగా వాషింగ్టన్ సరస్సుకు చేరేవి. అంతర్యుద్ధంలో పోరాడిన డేవిడ్ బాతెల్ 1880లలో బ్రాకెట్ దగ్గర భూమి కొని, 1889లో ప్లాట్లు వేశాడు. ఊరికి ఆ కుటుంబం పేరే స్థిరపడింది. 1909 ఏప్రిల్ 14న బాతెల్‌కు పట్టణ హోదా వచ్చింది. డేవిడ్ కొడుకు జార్జ్ బాతెల్ తొలి మేయర్ అయ్యాడు.

బాతెల్ ల్యాండింగ్

ఊరి చరిత్ర చూడాలంటే ముందు రావలసిన చోటు నది ఒడ్డున ఉన్న ఈ పార్కు. ఒకప్పుడు సరుకూ జనమూ ఆవిరి పడవల్లో ఈ నది మీదే ప్రయాణించేవి. 1916లో ఓడల కాలువ కోసం వాషింగ్టన్ సరస్సు మట్టాన్ని దాదాపు తొమ్మిది అడుగులు దించారు. దాంతో నదిలోనూ నీరు తగ్గి పడవల రాకపోకలు ఆగిపోయాయి. 1960లలో వరదల నివారణకు నదిని లోతు చేసి, వంపులు తీసి తిన్నగా మళ్లించారు.

పాత కట్టడాలు కొన్నింటిని తెచ్చి ఈ పార్కులో నిలిపారు. 1885 నాటి తొలి బడి, స్వీడన్ నుంచి వచ్చిన బెక్‌స్ట్రామ్ కుటుంబం దుంగలతో కట్టుకున్న ఇల్లు, 1893లో వ్యాపారి విలియం హానన్ కట్టించిన ఇల్లు ఇక్కడ ఉన్నాయి. హానన్ ఇంట్లో ఇప్పుడు బాతెల్ చరిత్ర మ్యూజియం నడుస్తోంది. దుంగల ఇంటి నుంచి నాలుగడుగులు వేసి హానన్ ఇంట్లోకి వెళ్తే, పదేళ్ల వ్యవధిలో ఊరి బతుకు ఎంత మారిందో కళ్లకు కడుతుంది.

రైలు దారి, ఇటుక రోడ్డు

సియాటిల్ న్యాయవాదులు థామస్ బర్క్, డేనియల్ గిల్మన్ 1885లో స్థాపించిన రైల్వే కంపెనీ 1880ల చివర్లో బాతెల్ మీదుగా పట్టాలు వేసింది. కలప, బొగ్గు రవాణా తగ్గాక 1971లో ఆ మార్గాన్ని వదిలేశారు. స్థానికులు పట్టుబట్టి దాన్ని నడకదారిగా మార్పించారు. 1978లో మొదలైన ఆ బర్క్-గిల్మన్ ట్రైల్ బాతెల్ దగ్గర సమామిష్ నది ట్రైల్‌తో కలుస్తుంది. అక్కడి నుంచి నది వెంబడి రెడ్‌మండ్‌లోని మేరీమూర్ పార్కు దాకా సైకిల్ మీద వెళ్లవచ్చు.

1910లలో సియాటిల్ వైపు నుంచి బాతెల్‌కు ఎర్ర ఇటుకలు పరిచిన రోడ్డు వచ్చింది. అందులో కొద్ది భాగాన్ని రెడ్ బ్రిక్ రోడ్ పార్కులో కాపాడారు. వరుసగా పేర్చిన ఆ ఇటుకల మీద నేటికీ నడవవచ్చు.

మెయిన్ స్ట్రీట్, ఆండర్సన్ స్కూల్

పాత వ్యాపార వీధిని అగ్నిప్రమాదాలు రెండుసార్లు దెబ్బతీశాయి: ఒకటి 1911లో, రెండోది 2016 జులై 22న. రెండుసార్లూ వీధి తేరుకుంది. పక్కనే 1931లో ఆర్ట్ డెకో శైలిలో కట్టిన ఆండర్సన్ స్కూల్ ఉంది. తొలి ప్రిన్సిపాల్ విల్బర్ట్ ఆండర్సన్ పేరు దానికి పెట్టారు. బడి మూతపడ్డాక భవనాన్ని కూల్చకుండా 2015లో మెక్‌మెనమిన్స్ సంస్థ హోటల్‌గా తెరిచింది. తరగతి గదులే బస గదులయ్యాయి. సినిమా హాలు, ఈత కొలను కూడా ఉన్నాయి.

నార్త్ క్రీక్ చిత్తడి నేల

వాషింగ్టన్ విశ్వవిద్యాలయం బాతెల్ క్యాంపస్, కాస్కేడియా కాలేజీ 2000లో ఒకే ఆవరణకు వచ్చాయి. ఆ స్థలం అంతకుముందు పశువుల క్షేత్రం. మేత భూమి కోసం నార్త్ క్రీక్ వాగును తిన్నటి కాలువగా మార్చి కరకట్టలు కట్టారు. క్యాంపస్ కట్టేటప్పుడు 58 ఎకరాల్లో వాగుకు పాత వంపులు తిరిగి తవ్వి, స్థానిక చెట్లు నాటారు.

శరదృతువు నుంచి శీతకాలం చివరిదాకా సాయంత్రం వేళ ఇక్కడికి కాకులు వస్తాయి. ఒక్కోసారి వాటి సంఖ్య 16,000 దాకా ఉంటుందని అంచనా. ముందు మైదానాల్లోనూ భవనాల కప్పుల మీదా గుంపులుగా వాలతాయి. చీకటి పడుతుండగా లేచి, చిత్తడి నేలలోని చెట్లలోకి దిగుతాయి. మనిషి తిరిగి ఇచ్చిన చోటును పక్షులు ఎంత త్వరగా తమదిగా చేసుకుంటాయో చెప్పడానికి ఇంతకన్నా వేరే రుజువు అక్కర్లేదు.

హిందూ దేవాలయం

మైక్రోసాఫ్ట్ 1986లో రెడ్‌మండ్‌కు మారాక ఈ ప్రాంతంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు పెరిగాయి. వాటితోపాటే తెలుగువాళ్లూ పెరిగారు. బాతెల్‌లోని హిందూ టెంపుల్ అండ్ కల్చరల్ సెంటర్‌లో వేంకటేశ్వరస్వామి కొలువై ఉన్నాడు. 2015 ఫిబ్రవరిలో, శివరాత్రి రోజుల్లో, ఎవరో గుడి గోడ మీద ద్వేషపు రాతలు రాశారు. పూజలు, పండుగలు అక్కడ నేటికీ సాగుతూనే ఉన్నాయి. ఇండియా నుంచి పిల్లల దగ్గరికి వచ్చే తల్లిదండ్రులకు ఇది దర్శనంతోపాటు తమ భాషలో నాలుగు మాటలు మాట్లాడుకునే చోటు కూడా.

సందర్శనకు అనువైన కాలం

ట్రైల్ మీద నడకకు, సైకిల్‌కు జులై, ఆగస్టు నెలలు మేలు. అప్పుడు వానలు తక్కువ, జులైలో రాత్రి తొమ్మిది దాటాకా వెలుగు ఉంటుంది. సాల్మన్ చేపలు నదికి ఎదురీదేది శరదృతువులో. కాకుల కోసమైతే అక్టోబరు తర్వాత, సూర్యాస్తమయానికి కాస్త ముందే క్యాంపస్ చేరుకోవాలి. ఆ కాలంలో గొడుగు, చలికోటు తప్పనిసరి.