జగ్గయ్యపేట త్రోవ: శిల్పి నడక, దేవత నడక

యాత్రాశబ్దము ‘యా’ ధాతువునుండి పుట్టినది. పోవుట దాని యర్థము. తీర్థశబ్దమునకు మూలము ‘తౄ’ ధాతువు. దాఁటుట దాని యర్థము. గుడియు గోపురమును ఈ రెండు పదములలో దేనియందును లేవు. అయినను మన స్థలచరిత్రములు తఱచుగా గుడి కట్టించిన ప్రభువుతో మొదలై మాన్యము లొసఁగిన ప్రభువుతో ముగియును. నడచినవారి ప్రసక్తి వానియం దరుదు. కృష్ణామండలపు మెట్టసీమయై, 2022 మొదలు ఎన్టీఆర్ జిల్లాలోఁ జేరిన నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతమున నీ కొఱంతను దీర్పఁదగిన సాధనములు రెండు గలవు: ఒకటి శిలాశాసనము, రెండవది నేఁటికిని జరుగుచున్న యొక యూరేగింపు.

జగ్గయ్యపేట పూర్వనామము బేతవోలు. 1816లో కీర్తిశేషుఁడైన వాసిరెడ్డి వేంకటాద్రినాయఁడు తన తండ్రియగు జగ్గయ్యపేర దానికి నేఁటి నామ మిడెను. ఊరిచెంతనున్న ధనబోడు దిబ్బయందు 1882లో జేమ్సు బర్జెసు బౌద్ధస్తూపమును త్రవ్వించెను. అచ్చటి ఆయకస్తంభములమీఁది ప్రాకృతశాసనము ఇక్ష్వాకురాజగు మాఠరీపుత్ర వీరపురుషదత్తుని యిరువదవ రాజ్యవర్షమునాఁటిది, అనఁగా క్రీ. శ. 3వ శతాబ్దిది. దాత రాజు గాఁడు, మంత్రి గాఁడు, సిద్ధార్థుఁడను ‘ఆవేసని’. అమరమున శిల్పిశాలకు ఆవేశన మని పేరు గలదు గాన ఆవేసని యనఁగా శిల్పిశాలకుఁ బెద్ద యని గ్రహింపవలెను. అతని తండ్రి కమ్మకరాష్ట్రములోని నడతూరువాఁడు; తాను మహాకాండురూరున నుండువాఁడు; తన తల్లియగు నాగిలనిని ముందిడుకొని వెలగిరి మహాచైత్యపుఁ దూర్పువాకిట నైదు స్తంభములు నిలిపెను.

ఇది దానశాసనమే కాని ప్రయాణశాసనము కాదని యెవరైన నాక్షేపింపవచ్చును. కాని దాత తన కులస్థానమును, నివాసమును, దానస్థలమును వేర్వేఱుగాఁ బేర్కొనెను. కమ్మరాష్ట్రము కృష్ణకు దక్షిణమునను, ఈ స్తూప ముత్తరమునను గలవు. కావున నా కుటుంబ మేదో యొక తరమున నది దాఁటియే యుండవలెను. శాసనదినము వర్షర్తువున నెనిమిదవ పక్షమున పదవనాఁడు. నాలుగు నెలల ఋతువున కెనిమిదవ పక్షమే కడపటిది. వానలు వెనుకపట్టి త్రోవలు తెఱపియిచ్చు కాల మది. తీర్థశబ్దముయొక్క ధాత్వర్థ మిచట నక్షరాల సార్థకమగుచున్నది.

రెండవ సాధనము మునేటియొడ్డునఁ గల పెనుగంచిప్రోలు తిరుపతమ్మ కోవెలది. మాఘపౌర్ణమినాఁటి పెద్దతిరునాళ్లకు జనులు బండ్లు గట్టుకొని, కాలినడకను వచ్చుట ప్రసిద్ధము. అంతకంటె విశేషము రంగుల యుత్సవము. రెండేండ్ల కొకమాఱు తిరుపతమ్మ, గోపయ్య మొదలగువారి కొయ్యమూర్తులను రంగులు వేయించుటకై జగ్గయ్యపేటకు ఊరేగింపుగాఁ గొనిపోయి, పని ముగిసినపిదప మరలఁ దెత్తురు. దూర మొకదినపు నడకకు మించదు. లోకమున భక్తులు దేవతకడకు నడతురు. ఇచట దేవతయే శిల్పులున్న యూరికిఁ బయనమగును. నాఁడు శిల్పి చైత్యమునకు వచ్చెను. నేఁడు దేవత శిల్పికడకు వచ్చుచున్నది. ఈ రెంటికి నడుమ సంప్రదాయ మవిచ్ఛిన్నముగా వచ్చిన దని చెప్పుట సాహసము; మతములు వేఱు, కాలములు వేఱు. కాని క్షేత్రము నిలుచుటకు రాజెంతయో పనివాఁడును, బాటసారియు నంతయే కారణమని రెండును జెప్పుచున్నవి.

దినపు నడకకు మనవారు వాడు ‘మజిలీ’ అరబ్బీ ‘మంజిల్’ శబ్దభవము. దానిని చరిత్రకుఁ గొలతగాఁ జేసినవాఁడు ఏనుగుల వీరాస్వామయ్య. 1830 మే 18న చెన్నపట్టణమున బయలుదేఱి, 1831 సెప్టెంబరు 3న మరలివచ్చువఱకు ప్రతి మజిలీయందును నీరు, బస, బజారు, దారి తీరు వ్రాసికొనెను. ఆ కాశీయాత్రచరిత్ర 1838లో నచ్చుపడెను. అతఁడు పోవునపుడు కడప, శ్రీశైలము, హైదరాబాదుల మీఁదుగాఁ బోయెను గాని మన త్రోవను రాలేదు.

బందరు, గోలకొండల నడుమ వర్తకులు నడచిన దిక్కుననే నేఁడు 65వ జాతీయరహదారి నందిగామ మీఁదుగాఁ బోవుచున్నది. శాసనము శిలపైనున్నది గనుక నిలిచినది. ఊరేగింపు దారిలోని చెట్లు, బావులు, ఆఁగు తావులు, మోయువారి వంతులు శిలపై లేవు. తెలిసిన పెద్దల నోటనే యున్నవి. వీరాస్వామయ్య పద్ధతి నొకదినము ఆ మూర్తుల వెంట నడచి, తావువెంటఁ దావు వ్రాసిపెట్టుట యీ సీమ పండితులకును బడిపంతుళ్లకును దుష్కరము గాదు. అది చేయకున్న రేపటి స్థలచరిత్రకారునకు మరల రాజుల పేళ్లు మాత్రమే మిగులును.