ట్రంకుపెట్టెలో ఫాంటమ్

నా దగ్గర ఇప్పటికి 137 ఇంద్రజాల్ కామిక్స్ పోగయ్యాయి. వాటిలో 11 పుస్తకాల లోపలి పేజీ మీద నీలంసిరాతో మా అన్న పేరు ఉంటుంది, ఇంటిపేరుతో సహా. కింద ‘ఉదయగిరి’ అని ఊరి పేరు. నా పేరు ఒక్కదాని మీదా లేదు. వాటిని చదివి, అట్టలు చిరిగితే అన్నంమెతుకులతో అంటించి, వేపాకు వేసి ట్రంకుపెట్టెలో దాచింది మాత్రం నేను.

ఇది డెబ్బైల నాటి మాట. నాయన పనిమీద మద్రాసు పోతే మూర్ మార్కెట్‌లో పాతపుస్తకాల కొట్లు తిరిగి ఒక కట్ట తెచ్చేవాడు (ఆ మార్కెట్ 1985లో తగలబడిపోయింది). కట్ట ఇంట్లోకి రాగానే పంపకం. అబ్బోడికి ఇంగ్లీషు అబ్బుతుందని కామిక్స్, ఆడపిల్లకి చందమామ. చందమామని నేను తక్కువ చెయ్యను. దాసరి సుబ్రహ్మణ్యం సీరియళ్ల కోసం నెలంతా కాచుకున్నదాన్నే. కానీ మనది కాదన్నదాని రుచి వేరు. అన్న ఆటకి పోగానే వాడి కట్ట విప్పేదాన్ని. ఇంగ్లీషు ముక్క రాదు. బొమ్మలు చూసి మాటలు నేనే పెట్టుకునేదాన్ని. నా కథల్లో డయానా, ఫాంటమ్‌ని మా వీధి యాసలో కడిగిపారేసేది. తర్వాత ఇంగ్లీషు నేర్చుకుని అవే పుస్తకాలు చదివితే ఆమె చాలాచోట్ల “రక్షించు” అనడం తప్ప ఏమీ అనడం లేదు. నా అనువాదమే నయం.

ఉదయగిరిలో పెరిగినవాళ్లకి ఫాంటమ్ పుర్రె గుహ ఎక్కడుందో ఎవరూ చెప్పక్కర్లేదు. తలెత్తితే కొండ, కొండమీద కోట. 1514లో గజపతుల నుంచి ఆ కోటని గెలిచిన కృష్ణదేవరాయలు అక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని తన రాజధానికి తీసుకెళ్లి గుడి కట్టించాడు. ఇష్టమైనదాన్ని ఎత్తుకుపోయి దాచుకునే జబ్బు నా ఒక్కదానిదే కాదని ఆ కథ విన్నప్పుడల్లా ధైర్యమొచ్చేది.

ఫాంటమ్‌ని లీ ఫాక్ 1936లో అమెరికన్ పత్రికల కోసం సృష్టించాడు. ఒంటికంటుకున్న దుస్తులు, కనుపాపలు కనబడని ముసుగు - సూపర్ హీరోల వేషమంతా సూపర్‌మాన్ కంటే రెండేళ్ల ముందే ఇతను వేసేశాడు. మన దేశంలో టైమ్స్ ఆఫ్ ఇండియా సంస్థ 1964 మార్చిలో అతని కథతోనే ఇంద్రజాల్ మొదలుపెట్టి, 1990 దాకా నడిపింది. అసలు కథల్లోని ‘బెంగల్లా’ దేశాన్ని ఇక్కడి సంచికల్లో ‘డెంకాలి’గా మార్చారు. పేరు మారినా సంగతి మారలేదు. నల్లవాళ్ల అడవి, వాళ్లందరూ దేవుడనుకునే ఒక తెల్లవాడు. చిన్నప్పుడు ఇది నా కంటికి ఆనలేదు. ఇప్పుడు ఆ పేజీలు తిప్పుతుంటే సిగ్గేస్తుంది. అయినా తిప్పుతాను. కోపం, ఇష్టం ఒకే పుస్తకం మీద ఉండకూడదని ఎవరన్నారు?

నన్ను ఎక్కువ వేధించేది ఆ తరాల లెక్క. తండ్రి తర్వాత కొడుకు, నాలుగు వందల ఏళ్లు, ఇరవైయొక్క మంది ఫాంటమ్‌లు. అందులో 17వ వాడికి జూలీ అని కవల సోదరి ఉందని, అన్న మంచాన పడితే ఆమె ముసుగు వేసుకుని పనంతా చక్కబెట్టిందని 1952లో ఫాక్ ఒక కథ రాశాడు. అన్న లేచాక ముసుగు తిరిగి ఇచ్చేసింది. లెక్క మాత్రం ఇరవైయొక్కటే. నాట్లప్పుడు, కోతలప్పుడు పొలంలో ఉండి, పాసుపుస్తకంలో లేని ఆడవాళ్లు గుర్తొస్తారు నాకు.

వండర్ వుమన్‌ని నేను చాలా ఆలస్యంగా, హైదరాబాదు ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద కలుసుకున్నాను. 1941లో ఆమెని సృష్టించిన మార్‌స్టన్ మనస్తత్వ శాస్త్రవేత్త, అబద్ధాన్ని పట్టే పరీక్ష మీద పనిచేసినవాడు. 1972లో అమెరికన్ స్త్రీవాద పత్రిక ‘మిజ్’ ఆమెని ముఖచిత్రంగా వేసుకున్న సంగతి మనలో చాలామందికి తెలుసు. జాయ్ హమ్మెల్ సంగతి తెలియదు. మార్‌స్టన్ క్లాసులో విద్యార్థిని. 1944లో సహాయకురాలిగా చేరి, అతను జబ్బుపడ్డాక వండర్ వుమన్ కథలు అనేకం రాసింది. అన్నీ ‘చార్లెస్ మౌల్టన్’ అనే మారుపేరుతోనే వచ్చాయి. 1947లో పెళ్లయ్యాక ఆ పని మానేసింది. ఆమెకు రచయిత్రిగా పురస్కారం దక్కింది 2018లో, తొంభై దాటాక. చందమామ సీరియళ్ల మీద దాసరి సుబ్రహ్మణ్యం పేరూ వేసేవారు కాదు కదా అనొచ్చు. నిజమే, అదీ అన్యాయమే. కాకపోతే ఆడదాని శక్తి గురించిన కథల్ని ఒక ఆడపిల్ల మగపేరు చాటున రాయడంలో ఉన్న వెటకారం వేరు.

ఇక నా ట్రంకుపెట్టె. పెళ్లయి నేను వెళ్లిపోయాక, ఇల్లు సున్నం వేయిస్తూ దాన్ని ఖాళీ చేసి కాగితాలు తూకానికి అమ్మేశారు. “అబ్బోడివే గదా, వాడొద్దన్నాడు” అంది అమ్మ. నన్నడగాలని ఎవరికీ తోచలేదు. తోచకపోవడంలో దురుద్దేశం కూడా లేదు, అదే బాధ. అప్పట్నుంచి పుట్టింటికి వచ్చినప్పుడల్లా ఆత్మకూరులో బస్సు దిగి పాతపేపర్ల కొట్లో కూర్చునేదాన్ని. కొట్టాయన మొదట్లో నన్ను పిచ్చిదానికింద జమకట్టాడు, తర్వాత బొమ్మల పుస్తకాలు కనిపిస్తే పక్కన పెట్టడం నేర్చుకున్నాడు. అన్న పేరున్న 11 పుస్తకాలూ నాలుగైదేళ్లలో అలా తిరిగొచ్చినవే. ఒకదాని మధ్య పేజీలో ఎండిన వేపాకు కూడా ఉంది. మిగతావి ఎక్కడెక్కడో కొన్నవి.

ఆ కొట్లోనే, 1995 ప్రాంతంలో, కామిక్స్ అనుకుని లాగితే ఇంకో బొమ్మల పుస్తకం చేతికొచ్చింది. అక్షరదీపం వాచకం. 1990 తర్వాత మా జిల్లాలో సాగిన సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం వయోజనుల కోసం వేసింది. అందులోని సీతమ్మ కథ చదివి, చర్చించుకుని, కలిగిరి మండలం దూబగుంటలో ఆడవాళ్లు తమ ఊరి సారా అంగడి మూయించారు. తర్వాతి వాచకంలో దూబగుంటే పాఠమైంది, ‘ఆడవాళ్లు ఏకమైతే’ అని. 1992లో జిల్లాలో సారా వేలంపాటలు సాగనివ్వలేదు. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధాన్ని 1997లో ఎత్తేశారు, అది వేరే కథ. ఈ చరిత్రలో మనకి దూబగుంట రోశమ్మ పేరు మిగిలింది. ఆమె 2016లో పోయింది. ఆమె పక్కన నిలబడ్డవాళ్ల పేర్లు మనలో ఎంతమందికి వచ్చు? వాళ్లెవరూ ముసుగు వేసుకోలేదు. పట్టపగలు, సొంత మొహాలతో, సొంత మొగుళ్ల ఎదుటే వెళ్లారు.

నా చేతికొచ్చిన వాచకం చివరి అట్ట లోపల తెల్లజాగా ఉంది. అక్కడ పెన్సిల్‌తో ఒక స్త్రీ పేరు, పద్నాలుగుసార్లు. మొదటి వరసలో ఒత్తులు విడిపోయి ఉన్నాయి. నాలుగో వరసకి కుదిరాయి. చివరి మూడుసార్లు ఇంటిపేరు కూడా చేర్చింది. ఆమె ఎవరో, ఏ ఊరో రాయలేదు.

రాతలుంటే పుస్తకం విలువ పడిపోతుందంటారు కామిక్స్ సేకరించేవాళ్లు. అన్న పేరున్న పుస్తకాలకి సగం ధర కూడా ఇవ్వనని ఒకాయన మొహాన చెప్పాడు. వాచకానికైతే ధరే చెప్పలేదు. దాన్ని 138వ పుస్తకంగా నా లిస్టులో రాసుకున్నాను. పక్కన ఆమె పేరు కూడా.