జాషువా చిన్నతనం: గబ్బిలం ఎక్కడి నుంచి వచ్చింది?

గుర్రం జాషువా గారి పేరు మనందరం తెలుగు పాఠ్యపుస్తకంలో చూసినవాళ్లమే. పద్యం బట్టీ పట్టాం, మార్కులు తెచ్చుకున్నాం, మర్చిపోయాం. బీటెక్‌లో చేరాక నేనైతే తెలుగు పుస్తకమే ముట్టుకోలేదు. అందుకే ఈరోజు పద్యాలు పక్కన పెట్టి, ఆ మనిషి ఎలా పెరిగాడో చూద్దాం.

1895 సెప్టెంబర్ 28, వినుకొండ. ఇప్పుడది పల్నాడు జిల్లాలో ఉంది. నాన్న వీరయ్య యాదవ కులం, అమ్మ లింగమాంబ మాదిగ కులం. ఇప్పటికీ కులాంతర వివాహం అంటే గొడవలే కదా, మరి ఆ రోజుల్లో? పైగా పిల్లాణ్ణి పెంచింది క్రైస్తవ వాతావరణంలో. అంటే ఏ గుంపూ పూర్తిగా 'వీడు మావాడు' అనని ఇల్లు అది. బడికి వెళ్తే అక్కడా అవమానాలే, తోటి పిల్లల నుంచీ, పంతుళ్ల నుంచీ. అయితే ఆయన తల వంచుకునే రకం కాదు, తిరగబడేవాడు.

1910లో మేరీ గారితో పెళ్లయింది. అప్పటికి వయసు దాదాపు పదిహేనేళ్లే. మిషన్ బడిలో పంతులు ఉద్యోగం, జీతం నెలకు మూడు రూపాయలు. ఆ ఉద్యోగమూ పోయింది. దాంతో రాజమండ్రి వెళ్లి 1915-16 ప్రాంతంలో ఒక వింత పని చేశారు. అప్పట్లో అన్నీ మూకీ సినిమాలే. తెర మీద బొమ్మ ఆడుతుంటే పక్కనుండి కథ, డైలాగులు చదివే మనిషి ఒకడుండాలి. ఆ గొంతు మన జాషువా గారిదే!

ఇంత కష్టంలోనూ చదువు ఆపలేదు. చిన్ననాటి స్నేహితుడు దీపాల పిచ్చయ్యశాస్త్రి సావాసంలో కవిత్వం మీద ఇష్టం పెరిగింది. జూపూడి హనుమచ్ఛాస్త్రి గారి దగ్గర కాళిదాసు మేఘసందేశం చదువుకున్నారు. ఇది గుర్తుపెట్టుకోండి, అసలు విషయం ఇక్కడే ఉంది.

మేఘసందేశంలో ఒక యక్షుడు దూరంగా ఉన్న భార్యకు మేఘంతో కబురు పంపుతాడు. 1941లో జాషువా గారు గబ్బిలం రాశారు. అందులో కబురు పంపేది గుడిలోకి రానివ్వని ఒక పేదవాడు. పంపేది కాశీలో ఉన్న శివుడికి. మోసుకెళ్లేది గబ్బిలం. ఎందుకంటే గబ్బిలం గుడిలోకి వెళ్తే ఎవరూ ఆపరు. మనిషి వెళ్తేనే ఆపుతారు!

సంస్కృతం నీది కాదు అన్న సమాజానికి, అదే సంస్కృత కావ్యం నమూనాతో సమాధానం చెప్పారన్నమాట. తర్వాత సాహిత్య అకాడమీ అవార్డు, పద్మభూషణ్ అన్నీ వచ్చాయి. కానీ నాకైతే అవార్డుల కన్నా ఆ మూడు రూపాయల పంతులే పెద్దగా కనిపిస్తాడు. పుట్టుక చూసి తలుపులు మూసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు కాబట్టి, గబ్బిలం పాత పుస్తకం కాదు. ఈ వారం ఒక పది పద్యాలైనా చదవండి. అర్థం కాకపోతే ఇంట్లో పెద్దవాళ్లని అడగండి. మళ్లీ కలుద్దాం.