పళ్లు చూసి బండ

షూటింగ్ పోటీల్లో పది మీటర్ల ఎయిర్ పిస్టల్ బరువు 1,500 గ్రాములు దాటకూడదు. దాని ట్రిగ్గరు కనీసం 500 గ్రాముల బరువునైనా నిలపాలి. ఈ రెండూ పరీక్షిస్తారు. గుంటూరు, ప్రకాశం జిల్లాల తిరనాళ్లలో ఎడ్ల బండలాగుడు పందేలకూ బరువు నిబంధనే ప్రాణం. పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, ఆపైన జూనియర్లు, సీనియర్లు అంటూ విభాగాలు పెడతారు. విభాగం పెరిగేకొద్దీ బండ బరువెక్కుతుంది. సేద్యంలో రైతు ఎద్దును బేరీజు వేసిన పద్ధతే ఇలా బరిలోకి వచ్చిందని నా నమ్మకం.

ఆ మాటకు ఆధారం విభాగాల పేర్లలోనే ఉంది. పశువుకు పైదవడ ముందుపళ్లు ఉండవు, కింద ఎనిమిది ఉంటాయి. రెండు, రెండున్నరేళ్లకు మొదటి జత పాలపళ్లు ఊడి గట్టిపళ్లు వస్తాయి. సుమారు ఐదేళ్లకు నోరు నిండుతుంది. సంతలో కొనేవాడు కోడె నోరు తెరిచి చూసేది ఇందుకే. కాడి ఎప్పుడు మెడకెత్తాలో, ఎంత పని చెప్పాలో పళ్లే చెప్పేవి. ఇక కొలత సంగతి. నిర్ణీత సమయంలో జత బండను ఎన్ని అడుగులు లాగిందన్నదే లెక్క. అంగుళాలు కూడా వదలరు. ఒంగోలు జాతికి పేరు తెచ్చింది పరుగు కాదు, బరువు లాగే సత్తువ. వానకు జిగటపట్టే నల్లరేగడిలో మడక లాగాలన్నా, పత్తి బస్తాల బండిని బురదదారి దాటించాలన్నా కావలసింది ఆ సత్తువే. పొలంలో అక్కరకొచ్చిన గుణాన్నే పందెం కొలిచింది.

పళ్లు వయసును కచ్చితంగా చెప్పలేవని అభ్యంతరం. నిజమే, మేతనుబట్టి, జాతినుబట్టి నెలలు అటూఇటూ అవుతాయి. అయినా బండ కట్టేటప్పుడు పుట్టినతేదీ కన్నా కోడె ఎదుగుదల ముఖ్యం, దాన్ని పళ్లు చూపిస్తాయి. ఇంతకన్నా బరువైన అభ్యంతరం హింస. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ఉంది. 2014లో సుప్రీంకోర్టు జల్లికట్టును, ఎడ్లబండి పందేలను ఆపింది. 2023 మే 18న ఆ పోటీలకు అనుమతిచ్చిన తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర సవరణ చట్టాలను సమర్థించింది. ముల్లుకర్ర పోట్లను ఎవరూ సమర్థించలేరు, నేనూ సమర్థించను. కానీ ట్రాక్టరు వచ్చాక అరకకు ఎద్దు అక్కరలేకుండా పోయిన ఊళ్లలో, పెద్ద గిత్తను మేపడానికి రైతుకు మిగిలిన కొద్ది కారణాల్లో ఈ పందెం ఒకటి. దాన్ని తీసేయడం కన్నా నిబంధనను గట్టిగా అమలు చేయడమే పశువుకు మేలు. లేతకోడెకు మించిన బండ కట్టకుండా ఆపేది ఆ పళ్ల లెక్కే.

కనుక నిర్వాహకులకు నా విన్నపం ఒక్కటే. బరిలోకి దింపేముందు అందరి ఎదుట పశువైద్యుడి చేత పళ్లు చూపించండి, బండను తూకం వేయించి ఆ బరువు దానిమీదే చెక్కించండి. ప్రతి మిర్చి టిక్కీనీ కాటాకెక్కించే నేల మీద ఇది కష్టమైన పని కాదు.